తెగిన లైను, రెండు తూనికలు

ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ ఇషా నమాజు తర్వాత ఫోనులో చదరంగం ఆడే యువకులున్నారు. గెలిచే ఆట మధ్యలో కరెంటు పోతుంది, లేదా నెట్ తెగుతుంది. తిరిగి లోపలికి పోదామంటే సర్వర్ రానివ్వదు. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. అప్పుడు పుట్టే కోపం చిన్నదేమీ కాదు. అన్నానికి పిలిచిన తల్లి మీద అది విరుచుకుపడుతుంది. ఆ కోపంలో న్యాయమెంత?

చదరంగం విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. హనఫీ పండితులు దాన్ని సమ్మతించరు. ఇమామ్ షాఫయీ (రహ్మతుల్లాహి అలైహ్) అయిష్టమైనదిగా భావించారే గాని నిషిద్ధమనలేదు. పందెం కాసినా, ఆట మూలంగా నమాజు తప్పినా అది పాపమేనన్న విషయంలో మాత్రం రెండో మాట లేదు. ఆ చర్చ ఇక్కడ పెంచను. ఆడేవాడి మనసులో జరిగేదే మనకిప్పుడు ముఖ్యం.

2020 ఆగస్టులో, కరోనా కాలంలో, ప్రపంచ చదరంగ సమాఖ్య మొదటిసారి ఆన్‌లైన్ ఒలింపియాడ్ జరిపింది. భారత జట్టులో మన తెలుగువారు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. క్వార్టర్ ఫైనల్ ఆర్మేనియాతో. ఆర్మేనియా ఆటగాడొకరికి ఆట మధ్యలో లైను తెగి, సమయం అయిపోయి, ఓడిపోయాడు. ఆ జట్టు అప్పీలు చేసింది, తిరస్కరించారు. వారు రెండో మ్యాచ్ ఆడకుండానే తప్పుకున్నారు. మనం ముందుకు సాగాము.

ఆ తర్వాత ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. ఈసారి మన నిహాల్ సరీన్‌కూ, దివ్యా దేశ్‌ముఖ్‌కూ లైను తెగింది. ఇద్దరూ సమయం మీద ఓడారు. ప్రపంచంలో అనేక చోట్ల ఇంటర్నెట్ సేవలు దెబ్బతిన్న రోజది. మనం అప్పీలు చేశాము. సమాఖ్య అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించారు.

రెండు తీర్పులూ ఒకటే కావలసిందని నేననను. రెండోసారి లోపం ప్రపంచమంతటిదని స్పష్టంగా కనిపించింది. నన్ను ఆలోచింపజేసేది ఆట చూసేవాడి సంగతి. ఆర్మేనియా లైను తెగినప్పుడు "నిబంధన నిబంధనే" అనుకుని, మన లైను తెగినప్పుడు "ఇదేం అన్యాయం" అన్నవాడు ఒక్కడే అయితే, అతని చేతిలో రెండు తూనికలున్నాయన్నమాట. దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరా అల్ ముతఫ్ఫిఫీన్ ఇలాంటివారి గురించే: తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారు. ఆదోని పత్తి మార్కెట్ యార్డులో కాటా దగ్గర నిలబడ్డ రైతుకు ఈ సూరా భావం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఫిర్యాదు చేయడం సహనానికి విరుద్ధం కాదు. సబ్ర్ అంటే నోరు మూసుకుని పడి ఉండడమని కొందరు పొరబడతారు. మన జట్టూ అప్పీలు చేసింది, అందులో తప్పేముంది? హక్కు పోయిందనుకుంటే మర్యాదగా అడగాలి, ఆధారం చూపాలి. కాని ఆ కోపాన్ని తల్లి మీద, తమ్ముడి మీద దించుకునే హక్కు ఎవరిచ్చారు? వారు సర్వర్ ఆపలేదే! కుస్తీలో పడగొట్టేవాడు బలవంతుడు కాడనీ, కోపంలో తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడనీ మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. నిలబడి ఉన్నవాడికి కోపం వస్తే కూర్చోమన్నారు. ఫోను పట్టుకుని అప్పటికే కూర్చున్నవాడికి? అప్పటికీ తగ్గకపోతే పడుకోమన్నారు. ఆ మాట వింటే ఫజర్‌కు లేవడం కూడా సులువవుతుంది.

ఇక ఎదుటివాడి లైను తెగిన రోజు సంగతి. కొన్ని సర్వర్లలో అవతలివాడు కాసేపు తిరిగి రాకపోతే తెర మీద మూడు దారులు కనిపిస్తాయి: విజయం తీసుకోవచ్చు, డ్రా ఇవ్వవచ్చు, ఇంకా వేచి ఉండవచ్చు. విజయం తీసుకోవడం నిబంధన ప్రకారం తప్పు కాదు. అయితే ఎమ్మిగనూరులో కరెంటు పోయిన రాత్రి అవతలివాడు ఏ బటన్ నొక్కితే బాగుండునని నువ్వు కోరుకున్నావో, అది నీకు గుర్తుండే ఉంటుంది.