రాజదండము - ఇష్టలింగము



మతమునకును రాజ్యమునకును హద్దు ఎచ్చట? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. 12వ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుడు దీనిని స్వయముగా ఎదుర్కొనెను. ఆయన బిజ్జలుని భాండాగారాధికారి, శివశరణులకు మార్గదర్శి. ఒక చేత రాజు ధనాగారపు తాళములు, మరియొక చేత ఇష్టలింగము. రెంటిని ఆయన ఎన్నడును కలిపివేయలేదు.

బసవన్న రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు చెప్పగా, బిజ్జలుడు ధనమును లెక్కింపించిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. ఒక్క మాడయు తగ్గలేదు. దీనిని మనము మహిమగా చెప్పుకొందుము. అందొక నీతియు కలదు. రాజు సొమ్మునకు లెక్క అడిగినపుడు బసవన్న భక్తిని అడ్డు పెట్టుకొనలేదు.

రెండవ ఘట్టము కఠినమైనది. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెకును వివాహము జరిగెను. ఉభయులును లింగధారులే గనుక శరణులకు అందు దోషము కనబడలేదు. బిజ్జలుడు వర్ణసంకరమని తలచి ఆ తండ్రులను క్రూరముగా శిక్షించెనని కన్నడ శరణ సంప్రదాయము చెప్పును. అచ్చట రాజు హద్దు దాటెను. పిమ్మట పగ రగిలెను, బిజ్జలుడు హతుడయ్యెను, శరణులు చెల్లాచెదరైరి. విశ్వాసముపై దూసిన కత్తియు, విశ్వాసము పేర దూసిన కత్తియు, రెండును కల్యాణమును పాడుచేసినవే.

దేవాలయమునకు రాజు మాన్యము ఈయవలెను. ఇష్టలింగమునకు భక్తుని అరచేయి చాలును. ఏ ప్రభువు అనుమతియు అక్కరలేని పూజను మనకు పెద్దలు అనుగ్రహించిరి.

మన రాజ్యాంగము 25వ అధికరణమున, శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యమునకు లోబడి, ప్రతివానికి అంతఃకరణ స్వేచ్ఛనిచ్చినది. 26వ అధికరణము మతవ్యవహారములను మతశాఖలకే విడిచి, ఆస్తిపాలనను మాత్రము చట్టానుసారము జరుపుమన్నది. 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ భేదమునే స్పష్టపరచినది. 28వ అధికరణము ప్రకారము, పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు పాఠశాలలో మతబోధ కూడదు. ఉపాధ్యాయుడనైన నేను నుదుట విభూతితోనే తరగతికి పోవుదును. కాని అచ్చట దీక్షను గూర్చి బోధింపను. నా యెదుట అన్ని మతముల బిడ్డలు కూర్చుందురు.

కావున మనలను మనమే ప్రశ్నించుకొందము. మఠపు భూములకు లెక్క అడిగినపుడు మతమునకు అపచారమని కేకలు వేయుట న్యాయమా? ఎన్నికల వేళ గురుపీఠము నుండి ఓట్లు అడుగుట ధర్మమా? అధికారి వచ్చి పూజావిధిని నిర్ణయించిన మనము ఎదిరింతుము. అది మన హక్కు. ఆ హక్కు నిలువవలెనన్న, మనమును అధికారమును ఆశ్రయింపక, సొమ్మునకు లెక్క చెప్పవలెను. పొరుగువాని పూజను మన పూజవలె గౌరవింపవలెను.