రేపటి వానను చెప్పువాని ధర్మము

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయు పురోహితుడు నవనాయకుల ఫలములు వినిపించి, ఆ యేటి మేఘము పేరు చెప్పి, పిదప వర్షమును భాగములుగా పంచును. ఇన్ని భాగములు సముద్రమున, ఇన్ని పర్వతములందు, మిగిలినవి భూమిమీద కురియునని లెక్క. ఏటేట వినుమాటయే గనుక అప్పటికి శ్రోతల మనసు ఉగాదిపచ్చడి మీదికి పోవుట సహజము. కాని ఆ పంపకములో మన పెద్దల గుర్తింపు ఒకటి కలదు. వాన అందరికిని ఒకటి కాదు. అడుగని సముద్రమునకు ఒక వంతు, అడుగలేని కొండకు ఒక వంతు పోగా, దున్ని విత్తి ఎదురుచూచువానికి శేషము దక్కును. నేటి వాతావరణశాఖవారు తీరమునకు, కొండలకు, మెట్టకు, ఎడారికి వేరువేరుగా సూచన లిచ్చుచున్నారన్నచో ఆ పాత విభాగమే శాస్త్రరూపమున నిలిచినదనవచ్చును.

వాన ఎచట ఎంత కురియునన్నది ఇచట నా విచారము కాదు. రేపటి సంగతి కొంత తెలిసినవాడు, ఆ కొంత తెలివితో, ఎవరికేమి చెప్ప బద్ధుడు? తెలియని మిగతభాగపు బరువును ఎవరు మోయవలెను?

తుడియలూరు వారికి ఇది వట్టి తర్కము కాదు. ఆషాఢ శ్రావణములలో మన పడమటి కొండలపై నైరృతి మేఘములు గుమిగూడి నిలుచును. పాలఘాటు కనుమనుండి గాలి హోరున వీచును. వాన మాత్రము చాలవరకు కొండమీదను, కొండ కావలను దిగిపోవును. ఒకే కోయంబత్తూరు జిల్లాలో వాల్పారై చెంతనున్న చిన్నకల్లారున ఏటికి 300 సెంటీమీటర్లకు మించి వర్షము కురియగా, నగరమున్న మైదానమున 60, 70 సెంటీమీటర్ల నడుమ కురియును. అందును పెద్దపాలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము తెచ్చునదే. విజయనగర, నాయకరాజుల కాలముననుండి ఈ సీమకు వలసవచ్చి నిలిచిన తెలుగువారికి ఈ తేడా ఎంత వింతగా తోచియుండునో ఊహింపవచ్చును. తెలుగుదేశపు రైతుకు మృగశిర, ఆర్ద్ర కార్తెలు విత్తు కాలము. ఇచట ఆ కార్తెలు గాలిని పంపి ఊరకుండును. చిత్త, స్వాతులు వచ్చిన గాని నేల బాగుగ తడియదు. తాత చెప్పినది అసత్యము కాదు. అది వేరొక నేలను చూచి చెప్పిన మాట. చోటు మారినను మాట మారనిచో, సత్యమే మనుష్యుని మోసగించును.

వరాహమిహిరుడు బృహత్సంహితయందు మేఘగర్భ లక్షణములను చెప్పుచు, గర్భము నిలిచిన 195 దినములకు వాన కలుగునని లెక్కకట్టెను. ఆ లెక్కను నేటి శాస్త్ర మంగీకరింపదు. కాని అహోరాత్రములు ఏమరుపాటు లేక ఆకాశమును చూచువాని మాటయే వ్యర్థము కాదని ఆయన పెట్టిన నియమము చెడలేదు. అనగా చెప్పినది తప్పిపోవుట దోషము కాదు. చూడక చెప్పుట దోషము.

లోకము ఈ భేదమును సులభముగా గుర్తింపదు. ఇంగ్లండున వాతావరణశాఖకు తొలి అధిపతియైన ఫిట్జ్‌రాయ్ 1861 ఆగస్టున పత్రికాముఖమున రేపటి వాతావరణమును ప్రజలకు ప్రకటించుట ప్రారంభించెను. తప్పినప్పుడెల్ల పరిహాసము పాలయ్యెను. 1865లో ఆత్మహత్య చేసికొనెను; దానికి కారణములు పెక్కులు, ఈ పరిహాసమొక్కటే కాదు. మరుసటి యేట పండితులు కొందరు విచారణ జరిపి, శాస్త్రనిశ్చయము చాలదని తుపాను హెచ్చరికలను ఆపించిరి. రేవులవారును నావికులును ఊరకుండలేదు. 1867లో హెచ్చరికలు తిరిగి వచ్చినవి. పండితునకు నిశ్చయము కావలసెను. పడవ ఎక్కువానికి అరకొర మాటయైనను చాలెను. ఈ విషయమున నేను నావికుని పక్షము.

అయితే అరకొర మాటకు అన్ని నేలలలో ఒకటే వెల కాదు. ఇదియే ఈ ప్రశ్నలోని చిక్కు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి పదివేలకు పైగా జనులను మ్రింగెను. హెచ్చరిక లేకపోలేదు, అది చివరి గుడిసె దాక పోలేదు, పోయినచోట కదలుటకు దారియు, తలదాచుకొనుటకు గట్టి కప్పును కరవయ్యెను. 1990 మే నెలలో ఇంచుమించు అంతటి తుపానే ఆంధ్రతీరమును తాకినపుడు లక్షలాది జనులను ముందే తరలించిరి. మృతులు వేయిమంది లోపుననే యుండిరి. తీరమున ‘వచ్చును’ అని చెప్పినది రాకపోయినచో ఒక రాత్రి నిద్రయు, ఒక దినపు వేటయు పోవును. ‘రాదు’ అన్నది వచ్చినచో ఊరే పోవును. కనుక అచట సందేహమున్నపుడు బిగ్గరగా చెప్పుటయే ధర్మము.

అదే నియమమును అనంతపురపు మెట్టకు తీసికొనిపోయి చూడుడు. ఏటికి 55 సెంటీమీటర్ల వాననే నమ్ముకొని వేరుసెనగ విత్తు నేల అది. ‘వాన వచ్చును’ అన్న మాట విని అప్పుచేసి తెచ్చిన విత్తనము పొడినేలలో వేసినవానికి, ఆ మాట తప్పినచో రెండవసారి కొనుటకు చేత కాసుండదు. అచట సందేహమున్నపుడు ఆశపెట్టకుండుటయే ధర్మము. తీరమున ప్రాణము నిలిపిన అతిశయోక్తి మెట్టమీద కొంపలు తీయును.

అట్లయిన, వినువాని హితము కొరకు చెప్పువాడు తన లెక్కను కొంచెము పెంచియో తగ్గించియో చెప్పవచ్చునా? ప్రియమును హితమును కూడ అయిన సత్యమునే పలుకవలెనన్న గీతోపదేశమును ఎఱిగినవారికి ఇది కొత్త సంకటము కాదు. పెంచి చెప్పరాదనియే నా అభిప్రాయము. రెండుసార్లు పెంచి చెప్పినవాని మూడవ మాటను ఎవరును వినరన్నది అందరెఱిగిన కారణము. నాకు అంతకన్న ముఖ్యముగా తోచునది వేరొకటి. పదింట ఆరుపాళ్లు వాన పడవచ్చునని ఉన్నదున్నట్లు చెప్పినచో, బావిలో నీరున్న రైతు విత్తును, లేనివాడు ఆగును. ఒకే మాటనుండి ఇద్దరును తమ తమ స్థితికి తగిన నిర్ణయము చేసికొందురు. వారి బదులు చెప్పువాడే నిర్ణయము చేసి, దానికి తగినట్లు అంకెను దిద్దినచో, వాడు జోస్యుడు కాడు, యజమాని. అంకె వేరు, సలహా వేరు. రెంటిని విడివిడిగా చెప్పుట కష్టమేమియు కాదు.

కొండలలో మరియొక దోషము పొంచియుండును. ఇప్పుడు హెచ్చరికలకు పసుపు, నారింజ, ఎఱుపు అను రంగులు కలవు. రంగు జిల్లాకంతకు ఒకటి. కొండచరియ జారునది ఒక్క వాగు తలాపున. 2009 నవంబరులో మన పొరుగు నీలగిరులలో చరియలు విరిగి నలుబదిమందికి పైగా మరణించిరి. 2024 జూలై 30 వేకువకు ముందు వయనాడులోని ముండక్కై, చూరల్‌మల గ్రామములమీద కొండ విరిగిపడి రెండువందల మందికి పైగా పోయిరి. శవములు దొరకక మునుపే, తగిన హెచ్చరిక ఇచ్చితిమని ఒకరును, ఆ రంగు చాలదని మరియొకరును వాదులాడుకొనిరి. ఆ వాదమునందు హెచ్చరిక అనునది ప్రజలను కాపాడు సాధనము గాక, అధికారి తన్ను కాపాడుకొను రసీదుగా మారిపోయినది. రసీదు చేతనుండగా మనుష్యునకు భయముండదు; భయము లేనిచోట ఏమరుపాటు ప్రవేశించును.

ఎడారిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. జైసల్మేరున ఏటి వాన 20 సెంటీమీటర్లకు అటునిటు. అచటికి ‘పొడి’ అని వ్రాసినచో దాదాపు ప్రతిదినమును నిజమే యగును. 2006 ఆగస్టులో పొరుగునున్న బాడ్మేరు జిల్లాను వరద ముంచినది. కవాస్ గ్రామము నీట మునిగెను. ఎప్పుడును నిజమగు మాట అక్కరకు వచ్చు దినమున పనికిరాకపోయిన, దానిని నిజమనుటలో ప్రయోజనమేమి?

ఇక బరువు మోయువాని సంగతి. హెచ్చరిక విని వేటకు పోని జాలరి, తుపాను రాకపోయినచో, ఆ దినపు కూలిని తానొక్కడే పోగొట్టుకొనును. లోకమంతయు ‘మంచిదే అయినది’ అని నిట్టూర్చి మరచును. అతడు కదలకుండుట సర్కారు కోరినదే గదా! ఏటేట చేపల వేట నిషేధించు దినములకు భృతి ఇచ్చు పద్ధతి ఉన్నది. తప్పిపోయిన హెచ్చరిక దినములకును ఆ లెక్కననే ఇచ్చుట న్యాయము. అట్లే, అధికారపూర్వకమైన సూచననుబట్టి విత్తి నష్టపోయిన మెట్టరైతుకు రెండవ విత్తనము ఇచ్చుటయు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి వాతావరణ సూచనలను తమిళమున చదివి, ఇంట తెలుగున చర్చించి, పడమటి కొండవంక చూచి విత్తులమూట విప్పు మన రైతు దానమడుగుట లేదు. తెలియనిదానిలో తన పాలు తాను మోయుచునేయున్నాడు. చెప్పినవారి పాలును వారు మోయవలెనని అడుగుచున్నాడు.