కట్నముగా వచ్చిన రాట్నము

పెండ్లి ఎంత తక్కువలో జరిగిన అంత పవిత్రమని చెప్పుట సులభము. ఆ తక్కువను ఎవరు నిర్ణయించిరి, ఎవరు భరించిరి అను ప్రశ్న మాత్రము సభలలో వినబడదు. ఆడంబరమును నిందించు ఉపన్యాసములకు మన సమాజమున కొరత లేదు. ఉపన్యాసకుని ఇంట శుభలేఖలు అచ్చగునప్పుడు గదా ఆ మాటలకు పరీక్ష!

లాల్ బహదూర్ శాస్త్రిగారి వివాహమును ఈ ప్రశ్నకు గీటురాయిగా గ్రహింపవచ్చును. కులమును సూచించు శ్రీవాస్తవ అను ఇంటిపేరును విడిచిపెట్టి, కాశీ విద్యాపీఠము ఒసగిన శాస్త్రి పట్టమునే పేరులో నిలుపుకొన్న యువకులు వారు. 1920వ దశకము చివర మీర్జాపూరు ఆడపడుచు లలితాదేవిని వివాహమాడిరి. తంతు యావత్తు సంప్రదాయానుసారమే జరిగినది. కట్నముగా మాత్రము ఒక రాట్నము, కొన్ని గజముల ఖద్దరు తప్ప వరుడు మరేమియు స్వీకరింపలేదు. వరకట్న నిషేధ చట్టము పుట్టుటకు మూడు దశాబ్దములకు పైగా ముందటి మాట ఇది. 1961లో ఆ చట్టము కొరకు పార్లమెంటు ఉభయసభలును కలిసి కూర్చొనవలసి వచ్చినది. అది అమలులోనికి వచ్చిననాడు కేంద్ర హోంమంత్రి శాస్త్రిగారే. చట్టము వచ్చినను కట్నము పోయినదా? లాంఛనమను పేర, కానుకయను పేర దొడ్డిదారిన నడచుచునే యున్నది.

ఇంతవరకు అందరును మెచ్చుకొందురు. అయితే వరుడు వలదనుట ఒక్కనాటి పని. పెండ్లిపందిరి విప్పిన పిదప ఆ నిరాడంబరత వంటయింటికి చేరును. అక్కడ దానిని దినదినము మోయునది ఇల్లాలు. స్వాతంత్ర్యోద్యమమున శాస్త్రిగారు పలుమారులు చెరసాలకేగిరి. అట్టి దినములలో ప్రజాసేవక సంఘము వారి కుటుంబమునకు నెలకు 50 రూపాయలు పంపుచుండెనని చెప్పుదురు. ఆ సొమ్ము సరిపోవుచున్నదా యని శాస్త్రిగారు జైలునుండి లేఖ వ్రాసిరట. 40 రూపాయలతో గడచుచున్నదనియు, నెలకు 10 రూపాయలు మిగుల్చుచున్నాననియు లలితాదేవి బదులు వ్రాసెను. వెంటనే శాస్త్రిగారు, తమ కుటుంబమునకు 40 చాలుననియు, మిగిలిన 10 అక్కరగల వేరొకరికి ఇండనియు సంఘమునకు వ్రాసిరట.

ఈ కథను నీతిపాఠముగా బడిపిల్లలకు చెప్పుట కలదు. చెప్పదగినదే. కాని ఆ పది రూపాయలు ఎట్లు మిగిలినవో ఏ పాఠమును చెప్పదు. పిల్లలున్న ఇంట, భర్త చెరలోనుండగా, ఏ పూట ఏ కూర మాని, ఏ చీర చిరుగును కుట్టుకొని ఆమె వానిని కూడబెట్టెనో! త్యాగకీర్తి భర్తకు దక్కినది. త్యజింపబడినది భార్య పొదుపు. చెరసాలకు ఆమె దాచి తెచ్చిన రెండు మామిడిపండ్ల విషయమును ఇట్టిదే. అది నియమవిరుద్ధమని వారు మందలించిరని అందరును చెప్పుదురు. ఆ మాట విన్న ఆమె మనస్సు ఎట్లుండెనో అడిగిన వారు అరుదు.

బసవేశ్వరుని కాలమునాటి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథను దీని ప్రక్కనుంచి చూచిన భేదము తెలియును. బసవన్నగారి మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యము తెచ్చు దానికంటె హెచ్చుగా తెచ్చెను. అక్కరకు మించినది మనకేల, మరల అచటనే పోసి రమ్మని చెప్పినది లక్కమ్మ. రెండు కథలలోను మిగులు తిరిగి పోయినది. కాని ఇక్కడ వలదన్నది పొయ్యి వెలిగించు చేయి. ఆకలి తనదైనప్పుడు చాలుననుట ఒకటి, ఇతరుల ఆకలిపై చాలుననుట వేరొకటి. భర్త ఎంత పుణ్యాత్ముడైనను, ఇల్లాలి నడుగక ఆమె పొదుపును దానము చేయుట ధర్మమున కొక మెట్టు దిగువనే యుండును.

అట్లని శాస్త్రిగారిది కఠినత్వమనుట న్యాయము కాదు. వారు భార్యకు విధించినది తమకును విధించుకొనిరి. మంత్రియైనను, ప్రధానియైనను ఆస్తి కూడబెట్టలేదు. లలితాదేవియు కేవలము వెంట నడచినది కాదు. ప్రధానిగా నుండగా శాస్త్రిగారు 12,000 రూపాయల ఫియట్ కారు కొనిరి. చేతనున్నవి 7,000. తక్కిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసికొనిరి. అది తీరకమునుపే 1966 జనవరి 11న తాష్కెంటులో కన్నుమూసిరి. దాదాపు నాలుగు పదుల యేండ్ల దాంపత్యమట్లు ముగిసినది.

ఈసారి ఎంత చాలునో చెప్పుటకు భర్త లేఖ రాలేదు. లలితాదేవి తనకు వచ్చు పింఛనులోనుండి మిగుల్చుచు ఆ బ్యాంకు అప్పును తీర్చివేసినది. ఆమె 1993 వరకు జీవించినది. ఆ కారు నేడు ఢిల్లీలోని శాస్త్రిగారి స్మారకమందిరమున నున్నది.