వేలూరు బయలుదేరే ముందు

అమ్మాయీ,

అల్లుణ్ణి ఆస్పత్రిలో చేర్చడానికి నీ మనసు ఒప్పుకోవడం లేదని మీ అమ్మ చెప్పింది. చేరిస్తే విశ్వాసం తక్కువైనట్టేనని సంఘంలో ఎవరో అన్నారట. అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు, అతని కోసం కన్నీళ్ళతో మోకరించింది వాళ్ళే. కానీ నిద్ర పట్టక, అన్నం సయించక, ‘నేను లేకపోతే మీరంతా బాగుంటారు’ అంటున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని ఇంకో నలభై రోజుల ఉపవాస ప్రార్థన అయ్యేదాకా ఆగకూడదు. వేలూరు సంగతి తర్వాత, ముందు ఇవాళే మీ ఊళ్ళో మానసిక వైద్యుడికి చూపించు. అతన్ని ఒంటరిగా వదలకు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించెయ్యి. రాత్రి భయమేస్తే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, తెలుగులోనే మాట్లాడతారు.

ఏలీయాను తలుచుకో. కర్మెలు కొండ మీద అంత జయం చూసిన ప్రవక్త, ఆ వెంటనే బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవదూత అతన్ని గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. హిజ్కియాకి ఆయుష్షు పెంచుతానని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా అతని పుండుకి అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. మందు వాడినంత మాత్రాన వాగ్దానం చిన్నబోలేదు.

ఇక వేలూరు. ఐడా స్కడర్ దొరసాని 1900లో మొదలుపెట్టిన సీఎంసీ ఆస్పత్రి వాళ్ళదే బాగాయంలోని మానసిక ఆరోగ్య కేంద్రం. 1957లో పెట్టారు. రోగి వెంట ఇంటివాళ్ళు కూడా ఉండాలన్నది మొదటినుంచీ అక్కడి పద్ధతి. పిచ్చాసుపత్రి గోడల వెనక వదిలేసి మరిచిపోవడమే మామూలైన రోజుల్లో వాళ్ళు ఇలా ఆలోచించారు. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ గుడారాలు వేయించి బంధువుల్ని రోగుల పక్కనే ఉంచిందీ ఆ దశాబ్దంలోనే. ఈ పద్ధతి మీద నాకు గురి ఎందుకంటావా? మందు రాసేది డాక్టరైనా, ఇంటికొచ్చాక అతని నిద్ర తగ్గుతోందని, మాత్ర మింగడం లేదని ముందు కనిపెట్టాల్సింది నువ్వే. ఆ చదువు నీకు అక్కడ అబ్బుతుంది.

వాళ్ళు క్రైస్తవులు కాబట్టి ప్రార్థన ఉంటుంది, చాప్లిన్లు, అంటే ఆస్పత్రి పాస్టర్లు, ఉంటారు. అతనికి ఇష్టమైతే వాళ్ళతో మాట్లాడతాడు, లేకపోతే లేదు. నువ్వు బలవంతపెట్టకు. దేవుడు తనని వదిలేశాడని నమ్ముతున్న మనిషికి వాక్యం కూడా కొన్నాళ్ళు దెబ్బలా తగులుతుంది. షాక్ చికిత్స అనే మాట వింటే కంగారుపడకు. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది పెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అవసరమా కాదా అని డాక్టర్ని నిదానంగా అడుగు.

విశ్వాసం పేరుతో నడిచే చోట్లన్నీ ఇలా ఉండవమ్మా. నూనె రాసి, మాత్రలు పారేయించి, దయ్యం పోవాలని కొట్టే మందిరానికి అతన్ని తీసుకెళ్ళమని ఎవరు చెప్పినా వినకు. తమిళనాడులోనే ఏర్వాడిలో, 2001 ఆగస్టు 6న, ఒక దర్గా దగ్గరి ఆశ్రయంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేక 28 మంది కాలిపోయారు. అది వేరే మతం వాళ్ళ చోటు కదా అని మనం చేతులు కడుక్కోకూడదు. ఎవరు వేసినా గొలుసు గొలుసే. ఇప్పుడు చట్టమూ దాన్ని ఒప్పుకోదు. ఏ చోటికి వెళ్ళినా మానసిక వైద్యుడు ఉన్నాడా, రిజిస్ట్రేషన్ ఉందా, ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా అని అడిగి తెలుసుకో.

చేరే ముందు అతన్నీ అడుగు. అర్థం చేసుకోగల స్థితిలో ఉంటే తనంతట తానే చేరొచ్చు, వెళ్తానని అడిగే హక్కూ ఉంది. మోసం చేసి మాత్రం తీసుకెళ్ళకు. ఆ తర్వాత నీ చేతి మాత్ర కూడా నమ్మడు.

దిగులు తగ్గించే మాత్రలు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త తేరుకోగానే ఆదివారం సాక్ష్యం చెప్పించి మాత్రలు మాన్పించాలని ఎవరైనా తొందరపెడితే, డాక్టరు చెప్పాకేనని గట్టిగా అను. పాస్టరుగారితో నేను మాట్లాడతాను, ఆయన వింటారు.

పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న మాత్రలు అన్నీ ఒక సంచిలో పెట్టుకో. కాట్పాడిలో దిగాలి. పిల్లల్ని మీ అత్తయ్యా నేనూ చూసుకుంటాం, ఎన్నాళ్ళయినా సరే.

మీ పెదమావయ్య