నిరాడంబరత - లేమి

అమెరికాలోని ఆమిష్ క్రైస్తవులు సొంత కారును వర్జించి, సేద్యమును, పరస్పర సహాయమును నమ్మి జీవించుచున్నారు. ఒకని కొట్టము కాలిపోయినచో ఊరంతయు కూడి దానిని తిరిగి నిలుపును. కాయక దాసోహముల నెరిగిన శరణులకు ఈ జీవనము ఆత్మీయముగనే తోచును.

అయితే దివిసీమ వేరొక పాఠమును నేర్పినది. 1977 నవంబరు 19న ఉప్పెనకు బలియైన పూరిగుడిసెలవారు మితముగా బ్రదికినవారే. కాని ఆ మితము లేమి విధించినది. వారు వరించినది గాదు. అనంతరము వెలసిన తుపాను ఆశ్రయ భవనములు, మచిలీపట్నపు రాడారు తీరవాసులకు రక్షణ సాధనములైనవి.

విడువవలసినది ఆశ, ప్రాణము నిలుపు సాధనమును విడువ నేల? గుడివాడ రైతైనను, బందరు వర్తకుడైనను తన వాడుకను తగ్గించుకొని, మిగిలిన దానితో పొరుగువాని కప్పును గట్టిపరచినచో అదియే దాసోహము. తన కోరికకు హద్దు గీచుకొనవచ్చును. ఎదుటివాని రక్షణకు హద్దు గీచు అధికారము ఎవరికిని లేదు.