“మనవాడే” అను మాటయు, పనివాని ఒడంబడికయు

మూలవాక్యములు: అపొస్తలుల కార్యములు 18:1-3; ఆదికాండము 29:15; ద్వితీయోపదేశకాండము 24:14, 15



అకుల, ప్రిస్కిల్ల కొరింథుకు ఇష్టపడి వచ్చినవారు కారు. క్లౌదియ చక్రవర్తి యూదులందరిని రోమా విడిచి పొమ్మనగా వచ్చినవారు. అటువంటి వారి ఇంటనే పౌలు దిగి, ఒకటే వృత్తి గనుక వారితో కూడ డేరాలు కుట్టెను. ఈ భాగమును పౌలు స్వయంకృషికి దృష్టాంతముగా చెప్పుట మనకు వాడుక. తలుపు తీసిన ఆ ఇంటివారిని గూర్చి తక్కువగా చెప్పుదుము.

1970లలో హోసూరులో సిప్‌కాట్ ఏర్పడిన నాటనుండి పని వెదకుచు వచ్చువారు ఆగలేదు. కొందరు ఫ్యాక్టరీలకు, కొందరు బేరిగై, బాగలూరు ప్రక్కల గులాబీ తోటలకు వచ్చుచున్నారు. కుప్పం వైపునుండి వచ్చిన పిల్లవాడు మన సంతలో తెలుగు విని, ఎల్ల దాటితినని కూడ అనుకొనడు. కాని మాట తెలుగైనను కాగితము తమిళనాడుది. ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సు ఇక్కడి కౌన్సిల్‌లో నమోదు కావలెనంటే ముందు అక్కడి ఎన్.ఓ.సి. కావలెను, దానిని ఊరు విడువకముందే అడుగుట మేలు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక ఆ విషయము కూడ చెప్పుచున్నాము. ఎనిమిదవ తరగతి వరకు బోధించువారికి టెట్ అర్హత 2010లో వచ్చిన నియమము. అక్కడి టెట్ ఇక్కడ చెల్లునని ఊహించి సామాను కట్టుకొనరాదు. 2021 ఉత్తర్వు తరువాత టి.ఎన్.పి.ఎస్.సి. పరీక్షలలో తమిళ పేపరు తప్పినవానికి మిగిలిన మార్కులు అక్కరకు రావు.

ఇవి తెలియక నష్టపోవుట ఒకటి. తెలిసినవారి చేతిలో నష్టపోవుట వేరు, అసలు భారము అదియే.

ఒక యౌవనస్థుడు ఐ.టి.ఐ. ముగించి మా ప్రాంతమునకు వచ్చెను. అతనిని చేర్చిన కంట్రాక్టరు అసలు సర్టిఫికెట్టు తనయొద్ద ఉంచుకొనెను. అపాయింట్‌మెంట్ ఆర్డరు లేదు. పి.ఎఫ్. పేరిట ప్రతి నెల కోత పడెను గాని యు.ఏ.ఎన్. నంబరు చెప్పలేదు. గది అద్దె, భోజనము పట్టుకొనగా ఇంటికి పంపుటకు మిగిలినది స్వల్పము. మేము వెళ్లి అడిగినప్పుడు, “మనవాడే గదా అయ్యగారూ, కాగితమెందుకు?” అనెను. ఆయన కూడ ఆదివారము బైబిలు పట్టుకొని ఆరాధనకు వచ్చువాడే. రెండుసార్లు తిరిగిన తరువాత సర్టిఫికెట్టు వచ్చినది. కోసిన సొమ్ము ఇంకను రాలేదు.

“మనవాడే” అను మాటను మొదట అట్లు వాడినవాడు లాబాను. నీవు నా బంధువుడవని ఊరక కొలువు చేయుదువా, జీతమెంతో చెప్పుమని తానే అడిగెను. ఎంత చక్కని మాట! తరువాత ఆ జీతమును పదిమారులు మార్చెనని యాకోబు తన భార్యలతో మొరపెట్టుకొనెను. ద్రాక్షతోట యజమానుని చూడుడి: ఉదయముననే దినకూలి ఎంతయో ఒప్పుకొని పిమ్మట పనికి పంపెను. ధర్మశాస్త్రమైతే స్వజనుడని, పరదేశియని భేదము పెట్టక, ప్రొద్దు గ్రుంకకముందే కూలి ఇయ్యవలెనని ఆజ్ఞాపించినది.

ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారిని తలంచినప్పుడు మన ప్రసంగీకులు 1878లో ఒక్కదినమున జరిగిన 2,222 బాప్తిస్మములను మరువరు. దానికి ముందటి 1876-78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చిన సంగతి అంతగా వినబడదు. రొట్టె కొరకు ఎవరును సంఘములో చేరకుండునట్లు ఆ కరవు కాలమున బాప్తిస్మములు కూడ నిలిపిరి. తన క్రింద కూలి చేయువాని ఆత్మను గూర్చి కూడ అంత జాగ్రత్తపడిన కంట్రాక్టరు ఆయన.

మన సంఘములలో తోటలు గలవారున్నారు, మనుష్యులను పనికి కుదుర్చువారున్నారు. వారు తెలిసికొనవలసినది ఇది. వలస పనివారిని గూర్చిన 1979 చట్టము స్థానములో 2020 నాటి కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. పనివానికి అపాయింట్‌మెంట్ లెటరు ఇయ్యవలెనని అందులో ఉన్నది. పి.ఎఫ్. పనివానినుండి నూటికి 12 కోసినయెడల యజమాని కూడ అంత కట్టవలెను. ఇ.ఎస్.ఐ.కి పనివాని వంతు నూటికి ముప్పావలా, యజమానిది మూడుంబావలా.

క్రొత్తగా వచ్చినవారెవరైనను మీ ఇంటికి వచ్చినయెడల టీ ఇచ్చి పంపివేయక, కాగితమున్నదా అని అడుగుడి. తమిళము చదువలేనివారికి ఆరాధన తరువాత గుడి అరుగుమీద మేము చదివి చెప్పుదుము. అసలు సర్టిఫికెట్లు తేవచ్చును. చూపి, మరల తమ సంచిలోనే పెట్టుకొని వెళ్లవలెను.