రెండవ దెబ్బ

గట్టు తగాదాలలోను, కాలువ నీటి వంతులలోను చేతులు లేచుట మన గ్రామములలో కొత్త సంగతి కాదు. పిమ్మట పోలీసు స్టేషనులో ఇరుపక్షములవారును ఒక్క మాటే చెప్పుదురు: "నన్ను కాపాడుకొనుటకే కొట్టితిని." ఈ మాట ఎంతవరకు నిజమో మనము ఆలోచింపవలసియున్నది.

1860 నాటి శిక్షాస్మృతికి బదులుగా 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులో నున్నది. దానినిబట్టి కావలెనని ఒకని గాయపరచినవానికి ఏడాది వరకు జైలుగాని, 10,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. ఎముక విరిగినను, పన్ను ఊడినను అది తీవ్ర గాయము. ఏడేండ్ల వరకు శిక్ష. కత్తితోనో గొడ్డలితోనో అట్టి గాయము చేసినచో యావజ్జీవము వరకు పోవచ్చును. కోపములో చేతికందినది పట్టువాడు ఈ లెక్కలు చూడడు గదా!

అయితే తన దేహమును, పొరుగువాని దేహమును, ఆస్తిని కాపాడుకొను హక్కును ఆ చట్టమే ఇచ్చుచున్నది. దానికి హద్దులున్నవి. అవసరమునకు మించి హాని చేయరాదు. అధికారుల సహాయము పొందుటకు వ్యవధి యున్నచో ఆ హక్కు లేదు. కర్ర ఎత్తినవానిని త్రోసివేయుట రక్షణ. వాడు కర్ర పడవేసి పారిపోవుచుండగా వెంటబడి వీపున వేసిన రెండవ దెబ్బకు ఏ చాటును లేదు. తిట్టి రెచ్చగొట్టెనందురా? హఠాత్తుగా, తీవ్రముగా రెచ్చగొట్టబడి కొట్టినవానికి శిక్ష తగ్గును గాని నేరము పోదు. నిన్నటి తిట్టును రాత్రియంతయు తలపోసి తెల్లవారి కొట్టినవానికి ఆ తగ్గింపును లేదు.

నిర్గమకాండము 22:2, 3 చూడుడి. రాత్రి కన్నము వేయు దొంగ దెబ్బకు చచ్చినయెడల కొట్టినవానిమీద రక్తాపరాధము లేదు. ప్రొద్దు పొడిచిన తరువాతనైతే ఉన్నది. చీకటిలో వాని చేత ఏమున్నదో తెలియదు, పగలు కేకవేసిన ఊరు వచ్చును. అందుకే ఈ భేదమని మనకు తోచుచున్నది. దొంగ ప్రాణమునకు సహితము దేవుని యెదుట లెక్క యున్నది.

సంఘపెద్దలకు ఒక మాట. చిన్న గాయపు కేసును రాజీచేసికొను అధికారమును చట్టము దెబ్బ తిన్నవానికే ఇచ్చినది, పెద్దలకు కాదు. కొట్టిన ఆసామి ఇంట కాఫీ త్రాగి వచ్చి, రెండవ చెంప చూపుమని పేదవానికి బోధించుట తగునా? ప్రభువు సహితము తన్ను కొట్టిన బంట్రౌతును ఎందుకు కొట్టితివని అడిగెను (యోహాను 18:23). కావున స్టేషనుకు పోయిన సహోదరుని క్షమ లేనివాడని నిందింపకుడి. రాజీ అడుగబోవు ముందు, నిర్గమకాండము 21:19 చెప్పినట్లు, వాని వైద్యపు ఖర్చును, మంచమున పడియున్న దినముల కూలియు కొట్టినవానిచేత ఇప్పించుడి.